గుర్రంకొండ గోడ మీద నా పేరు

భూమిపై సంచరించి, మనకు పూర్వం గతించినవారి పర్యవసానం ఏమైందో చూడమని దివ్యఖుర్ఆన్ పలుచోట్ల ఆదేశించింది. ఈ ఆదేశాన్ని మేము మదరసాలో ఏటా బోధిస్తాము. అందులోని క్రియాపదాన్ని అరబీ వ్యాకరణం ప్రకారం విడమరచి చెబుతాము. క్రిందటి శీతాకాలంలో ఆ పాఠం ముగిశాక ఒక విద్యార్థి లేచి, "హజ్రత్, మరి మనం ఎప్పుడు సంచరిస్తాం?" అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. తిరుపతికి కూతవేటు దూరంలో చదువుకుంటూ చంద్రగిరి కోట చూడని పిల్లలు ఆ గదిలో సగానికి పైగా ఉన్నారు.

మదరసాకు సెలవు శుక్రవారం. చంద్రగిరి మ్యూజియానికి కూడా సెలవు శుక్రవారమే. అందువల్ల గురువారం నాడే బయలుదేరాలని నిశ్చయించుకున్నాము. పధ్నాలుగు మంది విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయులు, ఒక అద్దె వ్యాను. ఫజ్ర్ నమాజు ముగించుకుని బయలుదేరాము.

చంద్రగిరి రాజమహల్ ముందు పిల్లలు చాలాసేపు మౌనంగా నిలబడ్డారు. విజయనగర రాజుల కాలపు మూడంతస్తుల భవనమది. రాయి, ఇటుక, సున్నంతో కట్టారు, కలపను వాడలేదు. క్రింది అంతస్తుల్లో కమానులు వరుసగా ఉంటాయి. అవి ముస్లిం కట్టడాల శైలిని గుర్తుచేస్తాయి. పైన శిఖరాలు ఆలయ గోపురాల తీరులో ఉంటాయి. ఏ తాపీపనివాడు ఏ ధర్మాన్ని అనుసరించేవాడో గోడ చెప్పదు. పని మాత్రం చెబుతుంది. విజయనగర పాలకులు పెనుగొండ తరువాత తమ రాజధానిని ఇక్కడికి మార్చుకున్నారు. 1646లో కోట గోల్కొండ సుల్తానుల వశమైంది. 1782లో మైసూరు పాలకుల చేతికి వచ్చింది. ఇంతమంది చేతులు మారినా మహల్ నిలిచి ఉండటానికి కారణం ఒక్కటే: దాన్ని కాపాడవలసిన సొత్తుగా ఎవరో ఒకరు భావించారు. నేడు అది భారత పురావస్తు శాఖ సంరక్షణలో ఉంది.

అక్కడి నుండి భాకరాపేట కనుమ ఎక్కి, పక్కదారిన తలకోనకు వెళ్ళాము. శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలోని ఈ జలపాతం సుమారు 270 అడుగుల ఎత్తు నుండి పడుతుంది. దిగువన సిద్ధేశ్వరాలయం ఉంది. అక్కడికి వచ్చే భక్తుల ప్రశాంతతకు భంగం కలగకుండా నడవాలని పిల్లలకు ముందే చెప్పాను. అడవిబాట వెంట చెట్ల మధ్య ఊయలల్లా వేలాడే భారీ తీగలు కనబడతాయి. శేషాచలం కొండలను 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. సహజంగా ఈ కొండల్లోనూ, వీటిని ఆనుకుని ఉన్న దక్షిణ తూర్పు కనుమల్లోనూ మాత్రమే పెరిగే ఎర్రచందనం ఇక్కడి సంపద. అది చాలా నెమ్మదిగా పెరిగే చెట్టు. ఒక తాత నాటితే మనవడు ముదిరిన చేవ చూస్తాడు. దాన్ని దొంగచాటుగా నరికేవాడు రెండు తరాలను ఒక్క రాత్రిలో దోచుకుంటాడు.

జలపాతం క్రింద పిల్లలు వుజూ చేసుకున్నారు. ఇంత నీరున్నప్పుడు పొదుపు దేనికని ఒకడు దోసిళ్ళతో చిమ్మబోయాడు. ప్రవహించే నది ఒడ్డున ఉన్నా వుజూలో నీటిని వృథా చేయరాదన్న ప్రవక్త (స) బోధను అక్కడే గుర్తుచేశాను. తరగతి గదిలో కుళాయి ముందు చెప్పినప్పటికంటే అక్కడ అది వారికి బాగా అర్థమైంది. ఆ రాత్రి పీలేరులో ఒక మస్జిదులో విశ్రమించాము.

శుక్రవారం ఉదయం వాయల్పాడు మీదుగా గుర్రంకొండ చేరాము. అప్పటిదాకా చిత్తూరు జిల్లాలో ఉన్న ఈ ఊరు 2022లో జిల్లాల విభజనతో అన్నమయ్య జిల్లాలో చేరింది. నిట్టనిలువు బండలతో దూరం నుండే భయపెట్టే కొండ ఇది. పూర్వం కొండపై ఒక గుర్రం ఉండేదని, అది ఉన్నంతకాలం కోటను ఎవరూ జయించలేకపోయారని, చివరకు ఒక మరాఠా వీరుడు బండ పగుళ్ళలో ఇనుప మేకులు దిగగొట్టుకుంటూ ఎక్కి దాన్ని అపహరించాడని కథ చెబుతారు. పిల్లలు కళ్ళింత చేసుకుని విన్నారు. "ఇది కథ. ఇక చరిత్ర వినండి" అని, ఊరికి కొద్ది దూరంలో ఉన్న పెద్ద గుమ్మటం దగ్గరికి తీసుకువెళ్ళాను.

అది మీర్ రజా అలీ ఖాన్ మఖ్బరా. ఆయన హైదర్ అలీకి బావమరిది, టిప్పు సుల్తాన్‌కు మేనమామ, గుర్రంకొండ పాలకుడు. 1781లో నేటి తమిళనాడు తీరంలోని పోర్టోనోవో వద్ద ఆంగ్లేయులతో జరిగిన యుద్ధంలో తీవ్రంగా గాయపడి మరణించారు. మరుసటి సంవత్సరం డిసెంబరు 7న హైదర్ అలీ కూడా చిత్తూరు సమీపంలోని నరసింగరాయనిపేట శిబిరంలో వెన్నుపై లేచిన రాచపుండుతో కన్నుమూశారు. మలబారులో ఉన్న టిప్పు వచ్చేవరకు సైన్యం చెదిరిపోకుండా ఆ మరణవార్తను దాచి ఉంచారు. అంతటి పాలకుడి జనాజా కూడా బహిరంగంగా సాగలేదు. భౌతికకాయం ముందు కోలారుకు, తరువాత శ్రీరంగపట్టణానికి చేరింది.

సమాధుల సందర్శన పరలోకాన్ని గుర్తుచేస్తుందని ప్రవక్త (స) బోధించారు. సలాం చెప్పి, మృతుల కొరకు దుఆ చేసి బయటకు వచ్చాము. గుమ్మటం నీడలో కూర్చున్నాక మిగిలిన చరిత్ర చెప్పాను. మూడవ మైసూరు యుద్ధంలో నిజాం సైన్యం ఈ కోటను ముట్టడించింది. కుంఫిణీ వారి ఫిరంగులు తోడు రావడంతో 1791లో దిగువ కోట పడిపోయింది. మరుసటి ఏటి ఒప్పందంతో ఈ ప్రాంతం నిజాంకు, 1800లో నిజాం చేతి నుండి కుంఫిణీకి దక్కింది. రజా అలీ ఖాన్ కుమారుడు ఖమరుద్దీన్ ఖాన్ టిప్పు సేనానులలో ఒకరు. 1799లో శ్రీరంగపట్టణం పతనమయ్యాక ఆయన ఆంగ్లేయులకు లొంగిపోయి, ఈ గుర్రంకొండనే జాగీరుగా పొందారు.

అప్పుడు, మొదట ప్రశ్న వేసిన ఆ విద్యార్థే మళ్ళీ అడిగాడు: "హజ్రత్, కోటను ముట్టడించినవారూ మనవారే, లోపల ఉన్నవారూ మనవారేనా?"

ముప్పై ఏళ్ళ బోధనానుభవంలో ఇంత సూటి ప్రశ్న అరుదు. అవునన్నాను. "ఇరుపక్షాలలోనూ మనవంటి పేర్లు ఉన్నాయి. రెండు చోట్లా అజాన్ వినబడింది. కాని ఆ యుద్ధం ధర్మం కోసం జరిగినది కాదు, రాజ్యం కోసం. తండ్రి పోరాడి మరణించాడు, కొడుకు లొంగి జాగీరు తీసుకున్నాడు. పేరు చూసి గర్వపడనూ వద్దు, పేరు చూసి సిగ్గుపడనూ వద్దు. ఎవరు ఏమి చేశారో చూసి గుణపాఠం నేర్చుకోండి" అని చెప్పాను. వాడు తల ఊపాడు. పూర్తిగా సమాధానపడినట్లు మాత్రం కనబడలేదు. అదీ మంచిదే.

జుమా నమాజు ఊరి మస్జిదులో ముగించుకున్నాము. స్థానిక సోదరుడొకరు ఖుష్కా, దాల్చా పంపించి మా ఆకలి తీర్చారు. ఆ తరువాత కొండ పాదాన ఉన్న రంగీన్ మహల్ చూడటానికి వెళ్ళాము. పేరుకు తగినట్టు ఒకప్పుడు రంగులతో మెరిసిన భవనమట. కమానుల మీది సున్నపు నగిషీ నేటికీ ముచ్చటగొలుపుతుంది. అయితే చేతికందే ఎత్తు వరకు గోడలన్నీ పేర్లే. మేకుతో గీసినవి, బొగ్గుతో రాసినవి, బాణం గుచ్చిన హృదయాలు. మా పిల్లవాడొకడు పెంకు ముక్క తీసుకుని గోడకు ఆనించాడు. మణికట్టు పట్టుకుని ఆపాను.

"ఇంతమంది రాశారు కదా హజ్రత్, నా ఒక్కడి పేరుతో ఏమవుతుంది?" అన్నాడు.

గద్దించి ఊరుకుంటే సరిపోయేది. కాని నోరు రాలేదు. పదమూడవ ఏట మా నానాతో కలిసి నేను ఇక్కడికి వచ్చాను. ఆయన జుహ్ర్ నమాజులో ఉండగా, జేబులోని మేకుతో ఈ మహల్ గోడ మీదే ఉర్దూలో నా పేరు చెక్కాను. నస్తాలీఖ్ బాగా కుదిరిందని సంతోషించాను కూడా. నలభై ఏళ్ళు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు పధ్నాలుగు మంది ముందు చెప్పాను. పిల్లలు నా ముఖం చూడలేక నేల చూశారు.

తరువాత అందరం కలిసి ఆ పేరు కోసం వెదికాము. కమాను గుర్తుంది, మూల గుర్తుంది. పేరు లేదు. ఆ మేర సున్నమంతా పెచ్చులుగా ఊడిపోయి ఇటుక బయటపడింది. గీత పడిన చోట వాన నీరు దిగుతుంది, నీరు దిగిన చోట పూత ఊడుతుంది. ఆ గోడను పదమూడేళ్ళ పిల్లవాడి మేకు గాయపరచింది. నా పేరు నిలవలేదు సరికదా, రెండు వందల ఏళ్ళు నిలిచిన పూతను కూడా తీసుకుపోయింది. అమానతు గురించి నేను చేసిన ప్రసంగాలన్నీ ఆ ఇటుకల ముందు చిన్నబోయాయి.

పాఠక సోదర సోదరీమణులారా! సెలవులలో పిల్లలను దూరపు వినోద కేంద్రాలకు తీసుకువెళ్ళే స్తోమత లేదని దిగులుపడకండి. చంద్రగిరి, తలకోన, గుర్రంకొండ మన వాకిట్లోనే ఉన్నాయి. చంద్రగిరికి శుక్రవారం కాక వేరే రోజున వెళ్ళండి. తలకోనలో వానల తరువాత నీరు బాగా ఉంటుంది. బండలు జారుతాయి కనుక చిన్నపిల్లల చేయి వదలకండి. గుర్రంకొండ పైకి ఎక్కదలచినవారు ఎండ ముదరక ముందే, దారి తెలిసిన స్థానికులను వెంటబెట్టుకుని, తగినంత నీటితో ఎక్కండి. వృద్ధులకు, పసివారికి క్రింది మహల్, మఖ్బరా చాలు. తీసుకువెళ్ళిన ప్లాస్టిక్ సంచిని తిరిగి తెచ్చుకోండి. బయలుదేరే ముందే పిల్లల జేబులు ఒకసారి చూడండి.

తిరిగి వచ్చాక, చూసినది ఒక పుటలో రాయమని విద్యార్థులకు చెప్పాను. పెంకు ముక్క పట్టుకున్న పిల్లవాడు రెండు పుటలు రాశాడు. కమాను బొమ్మ గీశాడు. ఊడిపోయిన పూతను కూడా దాచకుండా గీశాడు. చివర, క్రింద, తన పేరు చక్కని అక్షరాలతో రాసుకున్నాడు.