రేపల్లె బండి కిటికీ

తెనాలిలో రేపల్లె ప్యాసింజర్ ఎక్కితే నా కళ్లు కిటికీ సీటు కోసమే వెతుకుతాయి. వేసవి సాయంత్రాలు, మినుము పీకేసిన మాగాణుల్లో పిల్లల క్రికెట్. వికెట్లంటే మూడు కర్రలు. బాపట్ల వైపు వెళ్లినా ఇదే వరస.

వీళ్లను చూస్తే గుంటూరు కుర్రాడు షేక్ రషీద్ గుర్తొస్తాడు. 2022 అండర్-19 ప్రపంచకప్‌లో వైస్ కెప్టెన్. ఆస్ట్రేలియా మీద సెమీఫైనల్లో 94. ఆ ఆరు పరుగులూ ఎవరో నాకు బాకీ పడ్డట్టే ఉంటుంది ఇప్పటికీ! ఫైనల్లో 50, కప్పు మనదే. ఇక ఆగడనుకున్నాం. చెన్నై సూపర్ కింగ్స్ 20 లక్షలకు తీసుకుంది గానీ, 2023, 2024 సీజన్లు రెండూ బెంచీ మీదే గడిచాయి. 2025 ఏప్రిల్ 14న లక్నోలో తొలిసారి బరిలోకి దిగి, 19 బంతుల్లో 27 కొట్టాడు. సెంచరీలకే దండలేసే మనకు అది ఆనదు. నాకు మాత్రం ఆ రెండేళ్ల ఎదురుచూపే అసలు ఇన్నింగ్స్.

వేమూరు దాటాక ఓ బుడతడు గాల్లోకి లేపాడు. బంతి పంటబోదెలో పడింది. అందరూ చెప్పులు విడిచి నీళ్లలోకి దిగారు.