ఆ ఫోటో ఎందుకు ఇవ్వలేదంటే

కంబోడియా యాత్ర ముగించుకొని బళ్ళారి చేరిన నాటినుండి, వచ్చిన బంధుమిత్రులందరికీ ఫోటోలు చూపించుట మాకొక పని అయిపోయింది. ఆంకోర్ వాట్ గోపురాలను అందరూ మెచ్చుకొన్నారు. కాని అందరి కన్నూ నిలిచినది ఒక్క ఫోటోమీదనే. నీటిమీద తేలే ఇల్లు. గుమ్మంలో సగం ముఖం గుడ్డతో కప్పుకొన్న ఒక తల్లి. ఆమె ప్రక్కన ఖాళీ గిన్నె పట్టుకొన్న నాలుగేండ్ల పిల్ల. "పాపం, ఆకలంతా ఆ కళ్ళలోనే ఉన్నది" అన్నారొకరు. "దీనికి బహుమతి రావలసిందే" అన్నారు మరొకరు. సంఘం వార్షికోత్సవపు ఫోటో ప్రదర్శనకు దానినే పెద్దది చేయించి ఇమ్మని కార్యదర్శిగారు అడిగినారు. మేము ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో ముఖాముఖి సరిగా చెప్పలేకపోయినాము కనుక ఇక్కడ వ్రాస్తున్నాము.

సియెం రీప్ పట్టణానికి దక్షిణంగా టోన్లే సాప్ అనే మహాసరస్సు ఉన్నది. దాని నడక విచిత్రమైనది. వానకాలంలో మెకాంగ్ నది పొంగి, సరస్సునుండి వచ్చే ఏటిని వెనుకకు త్రోస్తుంది. ఏరు ఎదురు పారి మళ్ళీ సరస్సులోనే పడుతుంది. ఎండకాలంలో సుమారు 2,500 చదరపు కిలోమీటర్లుండే సరస్సు వానల చివరకు అయిదారు రెట్లవుతుంది. చుట్టుప్రక్కల అడవి మునిగిపోతుంది. ఆ మునిగిన చెట్ల నడుమ చేపలు బలుస్తాయి. దేశమంతా ఆ చేపలమీద ఆధారపడి ఉన్నది. కనుక అక్కడివారు నీటిని విడువలేరు. కొందరు ఎత్తైన గుంజలమీద ఇండ్లు కట్టుకొన్నారు. కొందరివి వెదురు కట్టలమీద, పీపాలమీద తేలే ఇండ్లు. నీరు జరిగితే ఇల్లూ జరుపుకొంటారు. బడి తేలుతుంది, అంగడి తేలుతుంది, పందుల దొడ్డి కూడ తేలుతుంది. తేలే ఇండ్లవారిలో వియత్నాం సంతతివారు చాలామంది. తరాలుగా అక్కడే ఉన్నా పౌరసత్వపు కాగితాలు లేనివారు వారిలో అనేకులు. మనకా కాగితాల బాధ లేదు గాని, "మీ ఊరేది?" అని పుట్టిన ఊళ్ళోనే అడిగించుకొనుట ఎలా ఉంటుందో మన పాఠకులకు తెలియనిది కాదు.

పడవలో మాతో మా అమ్మగారు కూడ ఉన్నారు. డెబ్బదియారేండ్ల మనిషి. పడవ ఇండ్ల వరుసల నడుమనుండి పోతున్నది. ఆ ఇండ్లలో చాలావాటికి నీటివైపు గోడ లేదు. వంట, స్నానం, నిద్ర, పిల్లల పాఠం, అన్నీ బయటికే. మా పడవ ముందొకటి, వెనుక రెండు. అన్నిటిలోనూ మావంటివారే, అందరి చేతుల్లోనూ సెల్‌ఫోనులే. ఒక ఇంటి ముందు పడవ మెల్లగా సాగింది. పిల్ల కెదురుగా కూర్చున్న తల్లి మమ్మల్ని చూచి, మెడలోని గళ్ళ తువ్వాలును ముఖంమీదికి లాగుకొన్నది. దానిని అక్కడ క్రమా అంటారు. సరిగా ఆ క్షణంలోనే మేము ఫోటో తీసినాము. తీసి, "చూడమ్మా, ఎంత బాగా వచ్చిందో!" అని అమ్మకు చూపినాము.

అమ్మ చూచి, కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, "ఒరే నాయనా, ఆ బిడ్డ సిగ్గుపడి మొగం దాచుకొంటే అదే బాగుందంటివి. మనింటి ముందర ఎవరన్నా బండి నిలిపి, నేను పిల్లకు అన్నం పెడుతుంటే ఫోటో తీస్తే నువ్వు ఊరకుంటావా?" అన్నది.

మాకు జవాబు తోచలేదు. కొంత దూరం పోయిన తరువాత పడవవానిని, ఆ పిల్ల గిన్నె ఎందుకు ఖాళీగా ఉన్నదని అడిగినాము. అతడు నవ్వి, పిల్ల తిన్నంత తిని మిగిలిన మెతుకులు ఇంటిక్రింది చేపలకు వేసిందనీ, అక్కడ అందరూ ఇంటిక్రింద బోనులలో చేపలను పెంచుతారనీ చెప్పినాడు. వారు కలవారు కారు, నిజమే. కాని అందరూ మెచ్చుకొన్న ఆకలి ఆ కళ్ళలో లేదు. అది మా ఫోటో కల్పించినది.

ఇంటికి వచ్చిన తరువాత మరొక సంగతి మనసులో మెదిలింది. 1876-78 నాటి ధాత కరువు మన బళ్ళారి జిల్లాను ఎంత నాశనం చేసిందో పెద్దలు చెప్పగా విన్నాము. ఆ రోజుల్లో మద్రాసు సైన్యంలో పనిచేసిన విల్లోబీ వాలెస్ హూపర్ అనే ఆంగ్లేయుడు కరువు బాధితులను ఫోటోలు తీసినాడు. ఎముకల గూళ్ళయిన ఆడవారిని, మగవారిని, పిల్లలను వరుసగా కెమెరా ముందు కూర్చుండబెట్టి తీసినవి. సాయపడక చిత్రాలు తీసినాడని ఆయనమీద నింద పడింది. 1886లో మాండలేలో ఖైదీలను కాల్చి చంపేటప్పుడు ఫోటోలు తీసినాడన్న ఆరోపణపై ఆయనమీద విచారణ కూడ జరిగినది. ఆ కరువు చిత్రాలలో ఎవరి పేరూ కనుపించదు. మా ముత్తవ్వ ఆ కరువులో నాగజెముడు పండ్లు తిని బ్రతికిందని అమ్మ చెబుతుంది. ఆ వరుసలో కూర్చున్నవారిలో ఆమె అక్కచెల్లెళ్ళు లేరని ఎవరు చెప్పగలరు?

అట్లని బీదతనాన్ని ఫోటో తీయనేకూడదని మేము అనము. హూపర్ చిత్రాలే నేడు ఆ కరువుకు సాక్ష్యం. 1936లో అమెరికాలో డొరొథియా లాంజ్, కాలిఫోర్నియా బఠాణీ చేలవద్ద పిల్లలతో కూర్చున్న ఒక కూలితల్లిని ఫోటో తీసింది. అది పత్రికలో రాగానే ప్రభుత్వం 20,000 పౌనుల ఆహారం ఆ శిబిరానికి పంపింది. అంత మేలు జరిగినది. అయినా లాంజ్ ఆమె పేరైనా అడుగలేదు. 1978లో ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అనే ఆ తల్లి బయటపడి, ఆ ఫోటో తీయకపోయినా బాగుండేదనీ, దానివల్ల తనకు ఒక్క పైసా రాలేదనీ చెప్పుకొన్నది. ఆహారం వచ్చేసరికే ఆమె కుటుంబం ఆ చోటు విడిచిపోయిందట. పదిమందికి మేలు చేసిన చిత్రానికే ఇంత బాకీ ఉంటే, ఎవరికీ మేలు చేయని మా ఫోటో సంగతి చెప్పాలా?

మరునాడు బాంటే స్రై గుడికి పోయే దారిలో, తాటిబెల్లం కాస్తున్న ఒకామె కనిపించింది. ఈసారి ముందు చేతులు జోడించినాము. అక్కడివారూ మనవలెనే చేతులు జోడిస్తారు. సెల్‌ఫోను చూపి, తీయవచ్చునా అని సైగ చేసినాము. ఆమె "ఉండండి" అన్నట్లు చేయెత్తి, జుట్టు సరిచేసికొని, భర్తను కేకవేసి పిలిచి, గరిటె పట్టుకొని నిటారుగా నిలబడింది. తీసిన ఫోటో చూపగా ఇద్దరూ నవ్వుకొన్నారు. అమ్మ బెల్లం కొన్నది.

ప్రదర్శనకు మేము ఆ ఫోటో ఇచ్చినాము. అది గొప్ప చిత్రమేమీ కాదు. పెళ్ళి ఫోటోలో వలె ఇద్దరూ బిగిసికొని నిలబడి ఉన్నారు. కార్యదర్శిగారికి అంతగా నచ్చినట్లు లేదు. రెండవదానిని మేము చెరిపివేసినాము. కాని సరస్సుమీది ఆ తల్లికి ఆ సంగతి తెలియదు. తన ముఖం ఎవరో పరాయివాళ్ళ ఊళ్ళో పదిమంది చేతులు మారుతున్నదనే ఆమె నేటికీ అనుకొంటూ ఉండవచ్చును. అది మాత్రం చెరపలేకపోయినాము.