తెగులు మడి పక్కన జీనోమ్ పాఠం

అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో నేను చూద్దామని వెళ్లింది కంప్యూటర్లను. వాళ్లు ముందుగా తీసుకెళ్లింది మాత్రం ఒక రోగిష్టి పొలానికి. ‘సిక్ ప్లాట్’ అంటారు దాన్ని, తెగులు మడి. కందికి ఎండు తెగులు తెచ్చే ఫ్యుజేరియం శిలీంధ్రాన్ని ఈ నేలలో పనిగట్టుకుని పోషిస్తారు. ఎండిన మొక్కల్ని మామూలు రైతు పీకి తగలబెడతాడు. ఇక్కడ వాటిని ముక్కలు కొట్టి అదే మట్టిలో కలిపేస్తారు, తెగులు ఉధృతి తగ్గకుండా ఉండాలని.

పైరు పూత మీదుంది. పచ్చటి వరుసల మధ్య అక్కడక్కడా పూర్తిగా ఎండిన వరుసలు. అవి ఐసీపీ 2376 అనే రకం, ఈ తెగులుకు ఇట్టే లొంగిపోతుంది. మడి పొడవునా దాన్ని మధ్యమధ్యలో వేస్తారు. అది ఎండితేనే అక్కడి నేలలో తెగులు సరిపడా ఉన్నట్టు. అదే పచ్చగా నిలబడిందా, పక్కనున్న కొత్త రకం నిజంగా తట్టుకుందో, తెగులు సోకక బతికిపోయిందో చెప్పలేరు. పొలం చూసుకునే పెద్దాయన ఒక మొక్కను పీకి, కాండం మొదట్లో ఊదారంగు పట్టీ చూపించారు. తర్వాత కత్తితో నిలువునా చీల్చారు. లోపల నల్లటి చారలు. నీళ్లు పైకి ఎక్కే దారులు మూసుకుపోయాయి. నేలలో తడి ఉంది, మొక్క మాత్రం నీళ్లందక చచ్చింది.

“మారుతి రకం దీన్ని బాగా తట్టుకుంటుందండీ. కానీ వెర్రి తెగులొస్తే ముందు పడిపోయేదీ అదే,” అన్నారు. మారుతి అంటే ఐసీపీ 8863. ఉత్తర కర్ణాటక కంది రైతులకు బాగా తెలిసిన పేరు. వెర్రి తెగులు పరీక్షల్లో ఇదే రకాన్ని తెగులు సోకే మొక్కగా వాడతారని అప్పుడే తెలిసింది. ఒక జబ్బుకు మొనగాడు, ఇంకో జబ్బుకు మొదటి బలి. రెండింటినీ తట్టుకునే రకాల్లో పేరున్నది ఆశ, ఐసీపీఎల్ 87119. ఆ తట్టుకునే గుణం మొక్క డీఎన్ఏలో ఎక్కడుందో వెతకడమే ఈ మడికి ఆవల నేర్పే చదువు.

పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ వెలిసింది 1972లో. నల్లరేగడి, ఎర్రనేల రెండూ ఒకే ఆవరణలో దొరకడం ఈ చోటికి పెద్ద సౌలభ్యం. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ ఇక్కడి పంటలు. వరి, మొక్కజొన్నల మీద ప్రపంచం డబ్బు కుమ్మరిస్తుంటే, వీటిని చాలాకాలం ‘అనాథ పంటలు’ అనేవారు. పరమాణు జన్యుశాస్త్రంలో వీటి గురించి తెలిసింది అంత తక్కువ. కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం చేయూతతో 2007లో ఇక్కడ జీనోమిక్స్ ఉత్కృష్టతా కేంద్రం మొదలైంది. దానికి రెండు పనులు: పంటల డీఎన్ఏను చదవడం, చదివినదాన్ని అర్థం చేసుకునే విద్యను దేశంలో కొత్త వంగడాలు తయారుచేసే బ్రీడర్లకు నేర్పడం. మొదటిదానికి పేరొచ్చింది. నన్ను లాక్కొచ్చింది రెండోది.

తరగతి గదిలో ఏసీ చలి. ల్యాప్‌టాప్‌ల ముందు కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది వ్యవసాయ విశ్వవిద్యాలయాల నుంచి వచ్చినవాళ్లు. కొందరి చేతులకు ఎండ మచ్చలింకా ఉన్నాయి. మౌస్‌తో పనిలేని నల్లటి తెరమీద ఆదేశాలు టైపు చేయాలంటే మొదటిరోజు అందరికీ బెరుకే అట. నా పక్క కుర్చీలో రాయలసీమ నుంచి వచ్చిన ఒక కంది బ్రీడర్. “పొలంలో పదిహేనేళ్ల అనుభవం, ఇక్కడ ఎల్‌కేజీ,” అని నవ్వారావిడ.

ఆవిడ తెరమీద సీక్వెన్సింగ్ యంత్రం నుంచి వచ్చిన ఫైలు తెరిచి ఉంది. ఒక్కో డీఎన్ఏ ముక్కకు నాలుగేసి వరుసలు. మొదటిది ముక్క పేరు, రెండోది ఏ, టీ, జీ, సీ అక్షరాలు, మూడోది ఉత్త కూడిక గుర్తు. నాలుగోదే అసలైనది: పైన చదివిన ఒక్కో అక్షరాన్ని ఎంతవరకు నమ్మవచ్చో ఒక్కో గుర్తుతో చెబుతుంది. స్కోరు 30 అయితే అది తప్పయ్యే అవకాశం వెయ్యికి ఒకటి, 20 అయితే నూటికి ఒకటి. ముక్క చివరికొచ్చేసరికి # గుర్తులు వరసగా పడ్డాయి. “ఇక్కడ యంత్రం ఊహిస్తోంది, చదవడం లేదు. కత్తిరించేయండి,” అన్నారు పాఠం చెప్పేవారు. తన సందేహాన్ని అక్షరం అక్షరానికీ రాసిచ్చే పరికరాన్ని నేను మరోచోట చూడలేదు. మన సర్వే ఫారాల్లోనూ అలాంటి నాలుగో వరుస ఒకటి ఉంటే బాగుండును.

ఈ ముక్కల్ని మళ్లీ వరసలో పేర్చడం మహా కష్టం. 2011లో కంది జీనోమ్ ముసాయిదా వెలువడింది. అప్పుడు ఇక్రిశాట్‌లో ఉన్న రాజీవ్ వార్ష్నేయ నాయకత్వంలో పలు దేశాల సంస్థలు కలిసి చేసిన పని అది. చదివింది పైన చెప్పిన ఆశ రకాన్నే. జీనోమ్ మొత్తం సుమారు 83.3 కోట్ల అక్షరాలని అంచనా. పేర్చగలిగింది దాదాపు 60.6 కోట్లు. అందులో 48,680 జన్యువులుంటాయని లెక్కగట్టారు. అదే ఏడాది ఐసీఏఆర్ శాస్త్రవేత్త నాగేంద్ర సింగ్ బృందం కూడా ఆశ జీనోమ్‌నే విడిగా వెలువరించింది. పేర్చకుండా మిగిలిన భాగం ఎందుకు చేతికి రాలేదంటే, కంది డీఎన్ఏలో సగానికి సగం పునరుక్తి. భజన పాటల పుస్తకాన్ని చింపి పోగుపెడితే చరణాలను ఎలాగో పోల్చుకోవచ్చు. ప్రతి చరణం తర్వాతా వచ్చే పల్లవి ముక్క మాత్రం ఎక్కడిదో ఎవరు చెప్పగలరు? చిన్న చిన్న ముక్కలుగా చదివే ఆనాటి యంత్రాలకు వచ్చిన చిక్కు అదే. పొడవాటి ముక్కలు చదివే యంత్రాలొచ్చాక అది చాలావరకు తీరింది.

ఒక్క మొక్కను చదివితే సరిపోదు. 2017లో 292 కంది రకాలను, 2021లో ఏకంగా 3,366 శనగ రకాలను చదివి పోల్చారు. ఇక్కడి జన్యు నిధిలో లక్షా ఇరవై వేలకు పైగా విత్తన నమూనాలున్నాయి కాబట్టి అది సాధ్యమైంది. ఆ విత్తనాలు దాచే చల్లగదులు నేనూ చూశాను, చలికి ఎక్కువసేపు నిలవలేకపోయాను.

మధ్యాహ్నం పాఠమే నాకు బాగా గుర్తుండిపోయింది. ఏ డీఎన్ఏ తేడా ఉన్న రకాలు తెగులును తట్టుకుంటున్నాయో వెతికే లెక్క. తెరమీద చుక్కల వరస లేచింది, అందులో ఏడెనిమిది చోట్ల గోపురాల్లా శిఖరాలు. గదిలో ఒకటే సందడి, తట్టుకునే జన్యువులన్నీ దొరికినట్టే. కంది బ్రీడర్ మాత్రం రకాల జాబితా కిందికి లాగి చూస్తున్నారు. “సార్, తట్టుకున్న వాటిలో చాలావరకు ఒకే తల్లి నుంచి వచ్చినవి,” అన్నారు. పాఠం చెప్పేవారికి కావాల్సిందీ ఆ మాటే. దగ్గరి చుట్టాలకు తెగులును తట్టుకోవడంతో సంబంధం లేని పోలికలు కూడా బోలెడుంటాయి. చుట్టరికాన్ని లెక్కలో చేర్చి మళ్లీ నడిపితే శిఖరాలు చాలావరకు కూలిపోయాయి. రెండే మిగిలాయి.

ఆ తప్పును కంప్యూటర్ సైన్సు చదివినవాళ్లు కూడా పట్టుకోగలరు, సూత్రం తెలిస్తే. ఆవిడ సూత్రం తెలియకుండానే పట్టుకున్నారు. కందిలో ఇంకో తంటా కూడా ఉంది. తేనెటీగలు పువ్వు నుంచి పువ్వుకు తిరిగి పరపరాగ సంపర్కం చేసేస్తాయి. వల కప్పకుండా కట్టిన విత్తనం తల్లి మొక్కలాగే ఉంటుందన్న భరోసా లేదు. అంటే సర్వర్‌లో ఉన్న డీఎన్ఏ ఒకటి, సంచిలో ఉన్న విత్తనం ఇంకొకటి కావచ్చు. వల ఎప్పుడు కప్పారో నోటుబుక్కులో రాసుకున్న మనిషి లేకపోతే ఏ అల్గారిథమూ ఆదుకోదు.

ఇలా డీఎన్ఏ సమాచారాన్ని కంప్యూటర్లతో విశ్లేషించే బయోఇన్ఫర్మాటిక్స్ కేంద్రాలకు మన దేశంలో కొదవలేదు. బయోటెక్నాలజీ విభాగం 1980ల రెండో సగంలోనే విశ్వవిద్యాలయాలను కలుపుతూ సమాచార కేంద్రాల వ్యవస్థను ప్రారంభించింది. చాలా దేశాల కంటే ముందే. అయినా సర్వర్ మీద కవరు కప్పి ఉన్న గదులు నేను కొన్ని చూశాను. యంత్రానికి డబ్బు ఒక్కసారి అడిగితే చాలు, గ్రాంటులో వస్తుంది. దాన్ని నడిపే మనిషికి ఏటా జీతమివ్వాలి. ఆ మనిషి కాంట్రాక్టు ముగిశాక ఏ ఐటీ కంపెనీకో వెళ్లిపోతాడు, తప్పు అతనిది కాదు. కొత్తగా కేంద్రం పెట్టేవాళ్లు సీక్వెన్సర్ ధర కంటే ముందు రెండు శాశ్వత ఉద్యోగాలకు మంజూరు అడిగితే మేలని నాకనిపిస్తుంది. సీక్వెన్సింగ్ పనిని డబ్బిచ్చి బయట చేయించుకోవచ్చు. తెగులు మడినీ, దాన్ని చదవగలిగే బ్రీడర్‌నూ ఎక్కడ కొంటాం?

సాయంత్రానికి కంది బ్రీడర్ చేతిలో చిన్న జాబితా తయారైంది. డీఎన్ఏలో మిగిలిన ఆ రెండు చోట్లా తెగులును తట్టుకునే రూపం ఉన్న లైన్లు, వచ్చే ఖరీఫ్‌లో తమ పరిశోధన స్థానంలోని తెగులు మడిలో వేయడానికి. నేలను బట్టి శిలీంధ్రం తీరు మారుతుంది కాబట్టి పటాన్‌చెరులో బతికినవి అక్కడ బతకాలని లేదు. పాఠం చెప్పేవారు జాబితా చూసి, “ఇవి మాత్రమే వేస్తే ఎలాగండీ? చచ్చిపోతాయని లెక్క చెప్పిన వాటినీ పక్కనే వేయండి. అవి ఎండకపోతే తప్పు మన లెక్కలో ఉన్నట్టు,” అన్నారు. ఆవిడ తలూపి, జాబితా కింద ఇంకో పది పేర్లు రాసుకుని, ఒక్కో లైనుకు ఎన్ని గ్రాముల విత్తనం అడగాలో లెక్క వేయడం మొదలుపెట్టారు.