కారుకీ ఓ జ్వరం చీటీ
పిల్లలకి జ్వరమొస్తే ఎప్పుడొచ్చింది, ఎంతసేపుందని రాసిపెట్టుకుంటాం కదా! మా పాత పెట్రోలు కారుకీ అదే చేశాను. ఆయాసంతో ఉన్న అత్తయ్యగారిని జగ్గయ్యపేట నుంచి నందిగామ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటే, చిల్లకల్లు దాటాక ఆగిపోయేది. ఎండలో హైవే పక్కన ఆవిడని చూస్తుంటే నా ప్రాణం విలవిల్లాడేది. బ్యాటరీ, ప్లగ్గులు మార్పించాం. డబ్బు పోయింది, జబ్బు పోలేదు.

చీటీలో తేలిందిదీ: ఇంజను వేడెక్కాకే ఆగుతుంది, అరగంట చల్లారితే కదులుతుంది. తాళం తిప్పగానే పెట్రోలు పంపు చప్పుడు వినిపిస్తూనే ఉంది. అది చదివిన మెకానిక్, ఇంజను వేడిగా ఉండగానే క్రాంక్ సెన్సర్ పరీక్షించాడు. ఇంజను తిరుగుతోందని కంప్యూటరుకి చెప్పేది అదేనట. వేడికి అది నోరు మూస్తే నిప్పురవ్వ పుట్టదు. మార్చాక మళ్ళీ ఆగలేదు.

మీ కారు మొరాయిస్తే, సామాను మార్చేముందు నాలుగు రోజులు రాసి చూడండి.