మాల్గుడికి పోయొచ్చాం

మాల్గుడి అనే ఊరు ఏ మ్యాపులోనూ లేదు. ఆర్.కె. నారాయణ్ గారు తన కథల కోసం పుట్టించిన ఊరు అది. 1935లో వచ్చిన 'స్వామి అండ్ ఫ్రెండ్స్' నవలలో మొదటిసారి కనబడింది. లేని ఊరికి ఎవరైనా పోతారా అని మీరు నవ్వొచ్చు. పోయిన మే నెలలో నేను, మా నాయన, మా తాత ముగ్గురం హోసూరు నుంచి ఆ ఊరికే పోయొచ్చాం.

ఆ కథల్ని శంకర్ నాగ్ గారు 'మాల్గుడి డేస్' అని దూరదర్శన్ కోసం తీశారు. ఊరి కోసం ఆయన కర్ణాటకలో శివమొగ్గ జిల్లాలోని ఆగుంబెను ఎంచుకున్నారు. స్వామిగా మాస్టర్ మంజునాథ్, వాళ్ల నాన్నగా గిరీశ్ కర్నాడ్ నటించారు. బొమ్మలు నారాయణ్ గారి తమ్ముడు ఆర్.కె. లక్ష్మణ్ వేశారు. ఇవన్నీ నాకు మా నాయన చెప్పినవే. తెల్లవారి బండిలో పూలబుట్టలు ఎక్కిస్తూ కూడా ఆ సీరియల్ సంగీతమే ఈల వేస్తాడు.

ఆ పిచ్చికి ఒక కారణం ఉంది. 1987లో నాయన నాలుగో తరగతి. మా ఊళ్లో ఒకే ఒక్క టీవీ. హిందీ ఒక్క ముక్క రాకపోయినా పిల్లలంతా ఆ ఇంటి నడవలో కూర్చుని చూసేవాళ్లట. స్వామి కథ చివరి భాగం వచ్చే రోజు తాత నాయనను టమాటా మడికి నీళ్లు కట్టమన్నాడు. నాయన గనిమ తెగిందీ లేందీ చూడకుండా టీవీకి పరుగెత్తాడు. నీళ్లన్నీ పక్కచేలోకి పోయాయి. తాత వచ్చి పిల్లలందరి ముందూ నాయనను చెయ్యి పట్టి బయటికి లాగి చింతబరికెతో కొట్టాడు. ఆ ముగింపు నాయన చూడలేదు. ఈ సంగతి నాకు అవ్వ చెప్పింది. నాయన గానీ తాత గానీ ఎప్పుడూ ఎత్తలేదు. ఇద్దరూ బాగానే మాట్లాడుకుంటారు. కాని ఎరువు గురించీ, పూల రేటు గురించీ మాత్రమే.

పెండ్లి ముహూర్తాలు లేని రెండు రోజులు చూసి నాయన ఓమ్ని బండి తీశాడు. తాత "నేనూ వస్తానప్పా" అనేసరికి అమ్మ, నేను ముఖాలు చూసుకున్నాం. తాతకు 75 ఏళ్లు. పక్క ఊరికి రమ్మన్నా రాడు.

తెల్లవారుజాము మూడింటికి బయలుదేరాం. బండిలో ఇంకా చామంతి వాసనే. తుమకూరు దగ్గర క్యాతసంద్రలో తట్టె ఇడ్లీ తిన్నాం. పళ్లెమంత ఇడ్లీ! తర్వాత అరసీకెరె, కడూరు, తరీకెరె, భద్రావతి, శివమొగ్గ. దారి పొడుగునా నాకొక పని దొరికింది. నాయన కన్నడం బాగా మాట్లాడతాడు గాని చదవలేడు, ఆయన చదివింది తమిళ మీడియం. నేను కన్నడం నేర్చుకోలేదు. అయినా మన అక్షరాలకు దగ్గరగా ఉండేసరికి బోర్డులన్నీ కూడబలుక్కుని చదివేశాను. "తెలుగు మీడియం చదివి ఏం చేస్తావని అడిగేవాళ్లకు ఈ పిల్లను చూపించాలప్పా" అన్నాడు తాత. నాకు భలే గర్వమయింది.

తీర్థహళ్లి దాటినాక అడవి మొదలైంది. ఆగుంబె చేరేసరికి వాన. ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడే చోటట. రాచనాగులకూ పేరున్న అడవి. నాకైతే జలగలే కనబడ్డాయి, చెప్పులో ఒకటి దూరింది. ఊరు చిన్నది. సీరియల్ కోసం నడి ఊళ్లో లాలీ దొర విగ్రహం పెట్టారని నాయన చెప్పేవాడు. మేం వెతికితే అది లేదు. నాయన ముఖం కొంచెం వాడింది.

స్వామి ఇల్లు మాత్రం ఉంది. దాని పేరు దొడ్డమనె, అంటే పెద్దిల్లు. నున్నటి చెక్క స్తంభాలు, నడుమ ఆకాశం కనబడే తొట్టి. నాయన చెప్పులు విప్పి గుడిలోకి పోయినట్టు పోయాడు. ఏ స్తంభం దగ్గర స్వామి నిలబడ్డాడో, ఎక్కడ వాళ్ల నాన్న తిట్టాడో నాకు చూపించాడు. తాత గుమ్మం దగ్గరే కూర్చుని అంతా విన్నాడు.

మర్నాడు అరసాళుకు పోయాం. మాల్గుడి స్టేషన్‌గా చూపించింది ఈ స్టేషన్‌నే. పాత కట్టడాన్ని బాగుచేసి 2020లో మ్యూజియం చేశారు. ఫోటోలూ బొమ్మలూ చూసి ముగ్గురం ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాం. రైలు లేదు, మనుషులూ లేరు. పట్టాలవైపు చూస్తూ తాత ఉన్నట్టుండి అడిగాడు.

"ఆ పొద్దు నిన్ను చూడనీలేదే, ఆ కడపటి కథ ఏమిరా?"

నాయన కాసేపు నోరెత్తలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు. స్వామి హెడ్మాస్టరు బెత్తానికి భయపడి ఇల్లు వదిలి పారిపోతాడు. అందువల్ల క్రికెట్ ఆటకు రాలేకపోతాడు. స్నేహితుడు రాజం కోపం పట్టి మాట మానేస్తాడు. రాజం వాళ్ల నాన్నకు బదిలీ అవుతుంది. స్వామి ఒక పుస్తకం తీసుకుని స్టేషన్‌కు పోయి, రైలు కదులుతుంటే అది రాజంకు అందేలా చేస్తాడు.

"మాట్లాడినాడా ఆ పిల్లోడు?" అన్నాడు తాత.

"సరిగా తెలీదు నాయనా. రైలు చప్పుడులో వినబడదు."

తాత తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "నీళ్లు పోతే మళ్లా కట్టుకోవచ్చు. అంతమందిలో నిన్ను అట్లా లాక్కొచ్చుండకూడదప్పా" అన్నాడు.

నాయన ఏమీ అనలేదు. లేచి పోయి ముగ్గురికీ టీ తెచ్చాడు. తాతకు చక్కెర తక్కువ వేయించి తెచ్చాడు. గ్లాసు అందించి, ఎప్పుడూ నిలబడి తాగే మనిషి తాత పక్కనే కూర్చున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు నేను వెనక సీటులో పడుకుని నిద్ర నటించాను. ముందు సీట్లలో వాళ్లు తుమకూరు దాకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఎరువు గురించి గాని పూల రేటు గురించి గాని ఒక్క మాట లేదు.