మోచేతి ఎత్తున పని

శస్త్రచికిత్స జరిగే గదిలో అందరి చూపూ బల్లమీది రోగిపైనే ఉంటుంది. అది న్యాయమే. అయితే ఆ బల్ల చుట్టూ గంటల తరబడి నిలుచున్నవారి నడుముల సంగతి ఆలోచించేవారు అరుదు.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వేలో కొలువుల కోసం ఖరగ్‌పూర్ చేరిన తెలుగు కుటుంబాలలో మాదీ ఒకటి. నాన్నగారు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నేను ఈ ఊళ్లోనే ఒక ఆసుపత్రి ఆపరేషన్ థియేటరులో 27 ఏళ్లు నర్సుగా పనిచేశాను.

నలభయ్యో ఏడు దాటాక నడుము నొప్పి నన్ను పట్టుకుంది. చెప్పులు విప్పుకోవటానికి వంగితే, మళ్లీ నిటారు కావటానికి గోడ ఆసరా కావలసి వచ్చేది. మూటలు మోసే కూలీకి నొప్పి వచ్చిందంటే లోకం నమ్ముతుంది. కత్తెరలూ సూదులూ అందించే మనిషికి ఎందుకు వస్తుందని బంధువులు విస్తుపోయేవారు.

ముందుకు వంగి నిలుచున్నవారికి తమ దేహమే మూట. కదలక బిగిసి ఉన్న కండరాలకు రక్తప్రసరణ తగ్గి, అవి త్వరగా అలసిపోతాయి. 1999లో జర్మనీ పరిశోధకుడు విల్కే, ఆయన సహచరులు ఒక వ్యక్తి వెన్నులోని డిస్కులో ఒత్తిడిని కొలిచి చూడగా, నిటారుగా నిలుచున్నప్పటికంటే ముందుకు వంగినప్పుడు అది రెట్టింపును మించింది. దీనికి తోడు మేము పరికరాల పళ్లెంవైపు మాటిమాటికీ నడుము తిప్పాలి. స్పృహలేని రోగిని బల్లమీదినుంచి స్ట్రెచరుమీదికి మార్చాలి. ఎముకల ఆపరేషన్లలో ఎక్స్‌రే వాడితే, ఒంటిమీద సీసపు ఆప్రాను బరువు ఉండనే ఉంటుంది.

అప్పటికి పదవీ విరమణ చేసిన నాన్నగారు నా అవస్థ చూసి, "మీ బల్ల ఎవరి ఎత్తుకు అమరుస్తారమ్మా?" అని అడిగారు. డాక్టరుగారి ఎత్తుకని చెప్పాను.

"మా షాపులో వైసు పైఅంచు పనివాడి మోచేతి ఎత్తున ఉండాలి. పొట్టివాడైతే కాళ్లకింద చెక్క వేస్తాం. ఇనుము కోసం మనిషి వంగితే సాయంత్రానికి ఇనుమే గెలుస్తుందమ్మా!" అన్నారాయన.

శస్త్రచికిత్సా నిపుణుల సలహా కూడా ఇంచుమించు ఇదే. కోత పెట్టి చేసే ఆపరేషన్లలో చేతులు పనిచేసే చోటు మోచేతి ఎత్తుకు దగ్గరగా ఉండాలి. బల్లను పొడగరికి సరిపడా ఎత్తి, పొట్టివారికి వెడల్పయిన మెట్టు వేయాలి. లాపరోస్కోపీలో పరికరాలు పొడవు గనుక బల్లను మరికొంత దించాలి. ఒక పాదాన్ని చిన్న పీటపై పెట్టి, కాసేపటికి కాలు మార్చటం, రిట్రాక్టరు పట్టుకునేవారు వంతులు మార్చుకోవటం, రోగిని జరపటానికి చాలినంతమంది చేతులు వేయటం కూడా మేలు చేస్తాయి.

రెండేళ్లు అడిగిన మీదట మా థియేటరుకు కడగటానికి వీలైన వెడల్పాటి ఇనుప మెట్లు రెండు వచ్చాయి. నా నొప్పి పూర్తిగా పోలేదు. అయినా, నా తరువాత చేరిన పొట్టి అమ్మాయిలు భుజాలు ఎగరేయకుండా, మునివేళ్లపై నిలబడకుండా పనిచేయటం కళ్లారా చూశాను.

నడుము నొప్పితో నిలుచున్న మనిషికి చేతిలో పనిమీద ధ్యాస నిలవదు. ఆ చేతిని నమ్ముకుని బల్లమీద ఒక ప్రాణి పడుకుని ఉంటుంది. అందుకైనా, కత్తి పట్టకముందు ఒక్క నిమిషం బల్ల ఎత్తును చూసుకోవటం అందరికీ క్షేమం.