షిల్లాంగ్‌లో నాలుగు తీగలు

ఫోన్ స్పీకర్‌లో పాట వింటుంటే బేస్ గిటార్ సగం కూడా వినపడదు. దాని లావు తీగ సెకనుకు 41 సార్లే కంపిస్తుంది. అంత కింది స్వరాన్ని పలికించే సత్తా ఆ చిన్న స్పీకర్‌కి లేదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. పాట అడుగున ఎవరో నింపాదిగా నడుస్తున్నట్టుంటుంది చూశారా, అదీ బేస్.

కాలేజీ బ్యాండ్‌లో నేను వాయించింది అదే. తర్వాత ఉద్యోగాలొచ్చాయి. డ్రమ్మర్ పుణె, సింగర్ డల్లాస్. నా బేస్ తొమ్మిదేళ్లపాటు సికింద్రాబాద్‌లో అమ్మావాళ్లింట్లో బీరువా మీద పడుంది. ఈ సంక్రాంతికి కిందికి దించా. తీగలు తుప్పు పట్టాయి, నెక్ కాస్త వంగింది. షాపాయన నెక్ లోపలి కడ్డీ సరిచేసి కొత్త తీగలు వేస్తే గిటార్ అరగంటలో బాగైంది. వేళ్లు మాత్రం బాగవలేదు. కాయలు కాసిన చర్మం ఎప్పుడో మెత్తబడిపోయింది, పది నిమిషాలకే మంట. రోజుకి ఇరవై నిమిషాలు, మెట్రోనోమ్ పెట్టుకుని, నెమ్మదిగా. మూడు నెలలకి వేళ్లు మాట వినడం మొదలెట్టాయి.

అసలు ఇబ్బంది వేరే ఉంది. మహామహుల సంగతి వదిలేయండి, నాలాంటివాడు బేస్ ఒక్కడే వాయిస్తే అన్నం లేకుండా పప్పు తిన్నట్టుంటుంది. పక్కన డ్రమ్స్ పడాలి. ముప్పై దాటాక కొత్తగా డ్రమ్మర్‌ని ఎక్కడ వెతకను? మేలో సెలవు దొరగ్గానే షిల్లాంగ్‌కి టికెట్ తీశా, బేస్‌తో సహా. దాదాపు నాలుగడుగుల వాయిద్యం కదా, గట్టి కేసులో పెట్టి చెక్-ఇన్‌లో వేయాల్సొచ్చింది.

గువాహటి నుంచి షిల్లాంగ్ సుమారు 100 కిలోమీటర్లు. షేర్ సుమోలు దొరుకుతాయి. ఉమియం జలాశయం కనపడిందంటే ఊరు దగ్గరికొచ్చినట్టే, అక్కడ్నించి చలి తెలుస్తుంది. మా కాలనీలో ఈ కేసు చూసి ‘‘లోపల తుపాకీయా బాబూ?’’ అని నవ్వుతారు. సుమో డ్రైవర్ మాత్రం ‘‘గిటారా, బేసా?’’ అన్నాడు. అప్పుడే అనిపించింది, సరైన ఊరికే వచ్చానని.

ఇక్కడ పాట కొత్తగా వచ్చింది కాదు. ఖాసీల సొంత వాయిద్యం దుయితారాకి కూడా నాలుగు తీగలే, పూర్వం ముగా పట్టుతో చేసేవాళ్లు. 1841లో వెల్ష్ మిషనరీలు ఖాసీ కొండలకి వచ్చాక చర్చిల్లో బృందగానం అలవాటైంది. ఆపైన రాక్, బ్లూస్. లూ మజావ్ అనే పెద్దాయన 1972 నుంచి మే 24న బాబ్ డిలన్ పుట్టినరోజుని పాటలతో జరుపుతున్నాడు. డిలన్‌కి సొంతూళ్లో కూడా ఇంత సేవ జరుగుతుందో లేదో!

లైతుంఖ్రాలో నేను దిగిన ఇంటి యజమానురాలిని అందరూ ‘కాంగ్’ అంటారు, మన ‘అక్క’ లాగా. పొద్దున్నే జదో పెట్టింది. పోర్క్‌తో వండిన అన్నం, ఘాటుగా, బ్రహ్మాండంగా ఉంది. నా కేసు చూసి ‘‘సాయంత్రం మా మేనల్లుడి గ్యారేజీకి వెళ్లు, వాళ్ల బేస్ కుర్రాడు బెంగళూరు వెళ్లిపోయాడు’’ అంది. అన్ని ఊళ్లలోనూ ఇదే కథ.

గ్యారేజీలో ముగ్గురు, ఇరవై ఏళ్ల లోపు వాళ్లు. రేకుల మీద వాన. నన్ను ‘బా’ అన్నారు, అంటే అన్న. మూడు కార్డ్‌ల బ్లూస్ మొదలెట్టారు. కాసేపయ్యాక డ్రమ్మర్ సైగ చేస్తే గిటార్లు ఆగాయి. అతని కుడికాలి కింద పెద్ద డ్రమ్ము, నా లావు తీగ, రెండే మిగిలాయి. ఆ దెబ్బా, ఈ స్వరమూ ఒకే క్షణంలో పడ్డప్పుడు రెండు శబ్దాలు వినపడవు. ఒక్కటే వినపడుతుంది, అదీ చెవికి కాదు, పొట్టకి. తొమ్మిదేళ్లు ఏ యాప్‌లోనూ దొరకనిది అదే. మూడో పాటకి చూపుడువేలికి బొబ్బ లేచింది. టేపు చుట్టుకుని ఇంకో గంట వాయించా.

వెళ్లేటప్పుడు డ్రమ్మర్ ‘‘ఆదివారం మళ్లీ వస్తావా బా?’’ అన్నాడు. నా ఫ్లైట్ శనివారం. రూముకెళ్లి సోమవారానికి మార్చుకున్నా. ఆఫీసులో ఏం చెప్పాలో ఇంకా ఆలోచించలేదు.